బండి లేని విశాఖ జీవితం: రహదారి పక్కన సులువు, కొండ వెనక కష్టం

విశాఖపట్నంలో సొంత వాహనం లేకుండా, డ్రైవింగ్ లైసెన్సు లేకుండా రోజువారీ జీవితం ఎంతవరకు సాగుతుందన్న ప్రశ్న కొంతకాలంగా మళ్లీ చర్చకు వస్తోంది. 2025 ఆగస్టు 15న రాష్ట్రవ్యాప్తంగా ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. ఏళ్లుగా నలుగుతున్న మెట్రో రైలు ప్రతిపాదన టెండర్ల దాకా వచ్చింది. యాప్‌లో పిలిచే బైక్ ట్యాక్సీలకు కేంద్ర ప్రభుత్వం 2025 జులైలో కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. మరోవైపు, లైసెన్సు లేకుండా వాహనం నడిపితే పడే జరిమానా ఒకప్పటి 500 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెరిగి కొన్నేళ్లయింది. బండి కొనక తప్పదని కొందరు, ఇక కొనక్కర్లేదని కొందరు చెబుతున్న ఈ సమయంలో, నగరం నిజంగా ఎవరికి అనుకూలంగా ఉందో, ఎందుకు అలా ఉందో చూడటం అవసరం.

సంక్షిప్తంగా

విశాఖలో కారు లేని కుటుంబాలే ఎక్కువ. అసలు తేడా ద్విచక్ర వాహనం నడపగలవారికీ నడపలేనివారికీ మధ్య ఉంది. నడపలేనివారి రోజు ఎలా గడుస్తుందో తేల్చేవి రెండు: ఇల్లూ పనిచేసే చోటూ జాతీయ రహదారి వరుసకు ఎంత దగ్గరగా ఉన్నాయన్నది ఒకటి, ఏ వేళలో ప్రయాణించాలన్నది రెండోది. ఉచిత బస్సు ఖర్చును బాగా తగ్గించింది, ఎదురుచూపును తగ్గించలేదు. మెట్రో తొలి దశ ఇప్పటికే బస్సులు ఎక్కువగా తిరిగే దారిని మరింత బలపరుస్తుంది. కొండల వెనక ఉన్న కాలనీలకు మాత్రం అనుసంధాన బస్సులే దిక్కు.

కారు లేకపోవడం ఒకటి, బండి నడపలేకపోవడం మరొకటి

2011 జనగణన లెక్కల్లో దేశం మొత్తం మీద కారు ఉన్న కుటుంబాలు 4.7 శాతం, ద్విచక్ర వాహనం ఉన్నవి 21 శాతం. పట్టణ ప్రాంతాలను విడిగా చూసినా కారు ఉన్నవి 9.7 శాతమే, ద్విచక్ర వాహనం ఉన్నవి 35.2 శాతం. 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి కారు వాటా సుమారు 7.5 శాతానికి చేరితే, స్కూటరో మోటారు సైకిలో ఉన్న కుటుంబాల వాటా సుమారు సగానికి చేరింది. అంటే పదేళ్లలో భారతీయ పట్టణాన్ని మార్చింది కారు కాదు, ద్విచక్ర వాహనం. విశాఖ కూడా ఇదే బాటలో నడిచింది. మధురవాడ, పీఎం పాలెం, కూర్మన్నపాలెం, పెందుర్తి వైపు గత ఇరవై ఏళ్లలో లేచిన అపార్ట్‌మెంట్లలో చాలావరకు రహదారికి కిలోమీటరు, రెండు కిలోమీటర్లు లోపలికి ఉండటానికి కారణం అదే. ఇంటి ముందు స్కూటర్ ఉంటుందన్న నమ్మకం మీద ఆ లేఅవుట్లు వేశారు, ఆ నమ్మకం మీదే అమ్ముడుపోయాయి.

అయితే కుటుంబానికి ఒక బండి ఉన్నంత మాత్రాన ఇంట్లో అందరికీ ప్రయాణ సౌకర్యం ఉన్నట్టు కాదు. ఉదయం తొమ్మిదికి ఆ బండి ఇంటి యజమానితో పాటు పనికి వెళ్లిపోతుంది. మిగిలినవారు, అంటే ఉద్యోగానికి వెళ్లే ఇల్లాలు, కాలేజీకి వెళ్లే పిల్లలు, ఆస్పత్రికి వెళ్లాల్సిన పెద్దలు, బండి లేనివారితో సమానమే. వాహనాల గణాంకాలు కుటుంబాన్ని లెక్కిస్తాయి కాబట్టి ఈ లోటు వాటిలో కనబడదు. దేశంలో డ్రైవింగ్ లైసెన్సు ఉన్నవారిలో మహిళల వాటా చాలా తక్కువ కావడంతో ఈ భారం ఎవరి మీద ఎక్కువ పడుతుందో ఊహించడం కష్టం కాదు. చూపు సరిగా లేనివారు, మూర్ఛ వ్యాధి ఉన్నవారు, పద్దెనిమిదేళ్లు నిండనివారు, వయసు మీద పడి బండి పక్కన పెట్టినవారు కూడా ఈ వర్గంలోకే వస్తారు. వీరందరినీ కలిపితే నగర జనాభాలో అది చిన్న భాగం కాదు. రహదారులు, పార్కింగ్, ఫ్లైఓవర్ల గురించి జరిగే చర్చలో వీరి మాట అరుదుగా వినిపించడం అన్యాయం.

చట్టం గీసిన గీత

లైసెన్సు విషయంలో ప్రజల్లో ఉన్న అపోహలు కొన్ని ఖరీదైనవి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం గేర్లున్న మోటారు సైకిల్‌కైనా కారుకైనా 18 ఏళ్లు నిండాలి. 50 సీసీ మించని ఇంజిన్ ఉన్న మోటారు సైకిల్‌కు 16 ఏళ్లు చాలు. ప్రస్తుతం మార్కెట్లో ఉన్న సాధారణ స్కూటర్లు ఆ 50 సీసీ పరిధిలోకి రావు కాబట్టి, ఇంటర్ చదివే పిల్లలకు స్కూటర్ ఇచ్చి 'గేర్లు లేవు కదా' అనుకోవడం చట్టం ముందు చెల్లదు. ముందు ఎల్ఎల్ఆర్, అంటే నేర్చుకునేవారికిచ్చే తాత్కాలిక లైసెన్సు తీసుకోవాలి. అది ఆరు నెలలు చెల్లుతుంది, నెల రోజులు గడిచాక పరీక్షకు హాజరు కావచ్చు. కారుకు తీసుకున్న లైసెన్సు మోటారు సైకిల్‌కు పనికిరాదు; ఆ తరగతిని విడిగా చేర్పించుకోవాలి.

2019 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన సవరణలతో, లైసెన్సు లేకుండా నడిపిన వ్యక్తికి 5,000 రూపాయలు, అలాంటి వ్యక్తికి బండి ఇచ్చిన యజమానికి మరో 5,000 రూపాయలు జరిమానా పడుతుంది. నడిపింది మైనరైతే శిక్ష పెద్దలదాకా వెళుతుంది: తల్లిదండ్రులకు లేదా యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు, పన్నెండు నెలలపాటు వాహన రిజిస్ట్రేషన్ రద్దు, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేవరకు లైసెన్సు పొందే అర్హత లేకపోవడం. జరిమానా కన్నా పెద్ద ప్రమాదం బీమాలో ఉంది. లైసెన్సు లేని వ్యక్తి నడిపిన బండి వల్ల ఎవరైనా గాయపడితే, బీమా సంస్థ బాధితుడికి పరిహారం చెల్లించి ఆ మొత్తాన్ని యజమాని నుంచి వసూలు చేసుకునే పద్ధతిని సుప్రీంకోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసు తీర్పులో వివరించింది. ఒక్క ప్రమాదంతో మధ్యతరగతి కుటుంబం ఇల్లు అమ్ముకోవాల్సిన పరిస్థితి ఇలా వస్తుంది.

లైసెన్సు అక్కర్లేని దారి ఒకటి చట్టంలోనే ఉంది. మోటారు సామర్థ్యం 250 వాట్లకు లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలకు లోపు ఉన్న విద్యుత్ ద్విచక్ర వాహనాన్ని కేంద్ర నిబంధనలు మోటారు వాహనంగా పరిగణించవు. దానికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ రెండూ అవసరం లేదు. అయితే ఆ పరిమితిని దాటేలా మార్పులు చేసిన బండి మామూలు మోటారు వాహనంతో సమానమై, పై జరిమానాలన్నిటికీ లోబడుతుంది. విశాఖ ఎత్తుపల్లాలకు 250 వాట్ల మోటారు సరిపోతుందా అన్నది వేరే సంగతి. ఎంవీపీ కాలనీ లాంటి చదును ప్రాంతంలో అది హాయిగా నడుస్తుంది, సిరిపురం నుంచి కలెక్టరాఫీసు వైపు ఎక్కుడు దిగుళ్లలో ఆయాసపడుతుంది.

గుర్తింపు కార్డుగా లైసెన్సు లేకపోవడం ఇక్కడ పెద్ద ఇబ్బంది కాదు. అమెరికాలో డ్రైవింగ్ లైసెన్సే ప్రధాన గుర్తింపు పత్రం కావడం వల్ల నడపనివారు కూడా ప్రత్యేక కార్డు తీసుకోవలసి వస్తుంది. మన దగ్గర ఆధార్, ఓటరు కార్డు, పాన్, పాస్‌పోర్టు ఆ పని చేస్తున్నాయి.

సముద్రానికీ కొండలకూ మధ్య పొడుగాటి ఊరు

విశాఖ ప్రయాణ కష్టాలకు మూలం నగరం ఆకారంలో ఉంది. తూర్పున సముద్రం, ఉత్తరాన కైలాసగిరి, పడమర వైపు సింహాచలం కొండల వరుస, దక్షిణాన యారాడ కొండ, వాటి మధ్యలోకి చొచ్చుకొచ్చిన మేఘాద్రి గెడ్డ ముఖద్వారం. 1933లో ఓడరేవు తెరుచుకున్న తరువాత నగరం ఆ నీటి చుట్టూ, తరువాత జాతీయ రహదారి వెంట సాగిపోయింది. నౌకా నిర్మాణ కేంద్రం, నౌకాదళ స్థావరం, మల్కాపురం చమురు శుద్ధి కర్మాగారం, భారీ యంత్ర పరికరాలు తయారుచేసే బీహెచ్‌పీవీ, ఆ పైన కూర్మన్నపాలెం దగ్గర ఉక్కు కర్మాగారం ఒకదాని తరువాత ఒకటి నైరుతి దిశగా వచ్చాయి. ఐటీ సంస్థలు దానికి పూర్తిగా వ్యతిరేక దిశలో రుషికొండ, మధురవాడ కొండల మీదికి వెళ్లాయి. 2005లో గాజువాకను, చుట్టుపక్కల గ్రామాలను కలిపి మహా నగరపాలక సంస్థను ఏర్పాటు చేశారు. 2013లో భీమునిపట్నం (భీమిలి), అనకాపల్లి కూడా చేరాయి. అలా అనకాపల్లి నుంచి భీమిలి వరకు సాగిన ఈ ఊరిలో పడక ఒక చివర, పని మరో చివర ఉన్న కుటుంబాలు వేలల్లో ఉన్నాయి.

పొడుగాటి నగరానికి ప్రజా రవాణా దృష్ట్యా ఒక వరం ఉంది. ప్రయాణికులందరూ ఒకే వరుసలో ఉంటే, ఆ వరుసలో తిరిగే బస్సులు ఎప్పుడూ నిండుగా ఉంటాయి, కాబట్టి ఎక్కువ బస్సులు వేయడం సాధ్యమవుతుంది. లంకెలపాలెం, గాజువాక, ఎన్ఏడీ కొత్తరోడ్డు, తాటిచెట్లపాలెం, మద్దిలపాలెం, హనుమంతవాక, కొమ్మాది వరుసలో ఇల్లూ పనీ రెండూ ఉన్న వ్యక్తికి సొంత బండి లేని లోటు పగటిపూట పెద్దగా తెలియదు. మద్దిలపాలెం నుంచి కూర్మన్నపాలెం వెళ్లే 400కె, ఆర్టీసీ కాంప్లెక్స్ మీదుగా తగరపువలస వెళ్లే 222 లాంటి సర్వీసులు ఈ వెన్నెముక మీదే నడుస్తాయి. బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లే 900కె, ఆర్కే బీచ్ నుంచి పెందుర్తి మీదుగా కొత్తవలస వెళ్లే 28కె లాంటివి రెండో వరుస.

వరం లాంటి ఈ ఆకారమే అడ్డంగా వెళ్లాలనుకునేవారికి శాపమవుతుంది. మధురవాడ, పెందుర్తి పటంలో దగ్గరగానే కనబడతాయి. మధ్యలో సింహాచలం కొండల వరుస ఉంది. ఒకటి నుంచి మరొకదానికి వెళ్లాలంటే హనుమంతవాక, అడవివరం మీదుగా కొండ చుట్టి రావాలి, లేదంటే ఆనందపురం దాకా పోయి అనకాపల్లి వైపు వెళ్లే ఆరు వరుసల రహదారి ఎక్కాలి. సొంత బండి ఉన్నవారు ఆ కొత్త రహదారి మీద వేగంగా వెళ్లిపోతారు. బస్సు ఎక్కేవారు చాలాసార్లు నగరం నడిబొడ్డుకు వచ్చి, అక్కడ మారి, మళ్లీ వెనక్కి వెళతారు. పాత నగరం నుంచి యారాడ కొండ కంటికి ఎదురుగా కనిపిస్తున్నా, మధ్యలో ఓడలు వచ్చే కాలువ ఉండటంతో రోడ్డు మార్గం సింధియా మీదుగా ఎంతో దూరం చుట్టాలి. బండి ఉన్నవారికి కొండ అంటే కొంచెం ఎక్కువ పెట్రోలు. బండి లేనివారికి అది మరో బస్సు, మరో అరగంట.

క్వార్టర్ల కాలం, కంపెనీ బస్సుల కాలం

ఒక తరం కిందట విశాఖలో చాలా కుటుంబాలు బండి లేకుండానే నిశ్చింతగా బతకడానికి బస్సుల కన్నా పెద్ద కారణం ఒకటుంది. పెద్ద ప్రభుత్వ రంగ సంస్థలు పనిచేసే చోటు పక్కనే ఇళ్లు కట్టాయి. ఉక్కునగరం, గాంధీగ్రామ్‌లోని షిప్‌యార్డ్ కాలనీ, పోర్టు క్వార్టర్లు, రైల్వే క్వార్టర్లు, నౌకాదళ నివాసాలు ఆ పద్ధతిలో వచ్చినవే. బడి, ఆస్పత్రి, దుకాణం, ఆటస్థలం కాలనీలోనే ఉండేవి. సైకిలు మీద డ్యూటీకి వెళ్లి, భోజనానికి ఇంటికి వచ్చి, మళ్లీ వెళ్లగలిగేవారు. ఆ ఏర్పాటు ఎంత విలువైన రవాణా విధానమో అది ఉన్నప్పుడు ఎవరూ లెక్కించలేదు.

కొత్త పరిశ్రమలు ఇళ్లు కట్టడం మానేసి బస్సులు పెట్టాయి. అచ్యుతాపురం దుస్తుల పార్కుకు వేల సంఖ్యలో మహిళా కార్మికులు, పరవాడ ఫార్మా సిటీకి షిఫ్టు ఉద్యోగులు కంపెనీ బస్సుల్లోనే చేరుకుంటారు. బండి, లైసెన్సు లేని యువతికి ఇది జీతం తెచ్చే ఉద్యోగాన్ని అందుబాటులోకి తెచ్చింది, అందులో సందేహం లేదు. అయితే కంపెనీ బస్సు షిఫ్టు వేళకే వస్తుంది, నిర్ణీత చోటే ఆగుతుంది, ఉద్యోగం పోతే ఆ రోజే ఆగిపోతుంది. ఇంకా మెరుగైన పనికి ఇంటర్వ్యూకు వెళ్లాలన్నా, సాయంత్రం ఒక కోర్సులో చేరాలన్నా మళ్లీ మొదటి సమస్య ఎదురవుతుంది.

బస్టాపులో గడిచే సమయం

ప్రయాణ కాలాన్ని కొలిచేటప్పుడు బస్సు ఎక్కాక పట్టే సమయాన్ని మాత్రమే చూడటం సాధారణంగా జరిగే పొరపాటు. బస్సు సమయం పాటిస్తూ పది నిమిషాలకు ఒకటి వస్తే ప్రయాణికుడి సగటు నిరీక్షణ ఐదు నిమిషాలు. అవే బస్సులు, అదే సంఖ్యలో, రెండేసి కలిసి ఇరవై నిమిషాలకు ఒకసారి వస్తే సగటు నిరీక్షణ రెట్టింపై పది నిమిషాలవుతుంది. బస్సుల సంఖ్య ఏమాత్రం తగ్గలేదు, ప్రయాణికుడి సమయం మాత్రం పోయింది. ఇలా జంటలుగా రావడం డ్రైవర్ల నిర్లక్ష్యం వల్ల జరిగేది కాదు. ముందు వెళ్లే బస్సు ఏదో సిగ్నల్ దగ్గర కాస్త ఆలస్యమైతే, తరువాతి స్టాపులో ఎక్కువ మంది పోగవుతారు. వారు ఎక్కేలోపు అది ఇంకా ఆలస్యమవుతుంది. వెనక బస్సుకు ఎక్కేవారు తగ్గి అది త్వరగా వచ్చి ముందుదాన్ని అందుకుంటుంది. జగదాంబ, మద్దిలపాలెం, గాజువాక కూడళ్లలో సాయంత్రం పూట ఈ దృశ్యం రోజూ కనిపిస్తుంది.

దీనికి మందు బస్సుకు ప్రత్యేక వరుస. కేంద్ర ప్రభుత్వ నగరాభివృద్ధి పథకం జేఎన్ఎన్‌యూఆర్ఎం కింద విశాఖకు మంజూరైన బీఆర్టీఎస్ (వేగవంతమైన బస్సు రవాణా వ్యవస్థ) ఉద్దేశం అదే: పెందుర్తి వైపు ఒకటి, సింహాచలం వైపు ఒకటి, రెండు మార్గాల్లో రోడ్డు మధ్యన బస్సులకే కేటాయించిన వరుసలు. రోడ్లు వెడల్పయ్యాయి, కొన్నిచోట్ల మధ్య వరుసలు వేశారు. సింహాచలం వైపు దేవస్థానం భూముల దగ్గర విస్తరణ ఏళ్ల తరబడి ఆగిపోయింది. తెగిపోయిన వరుసలో బస్సు ముందుకు పోలేదు, ఖాళీగా ఉన్న వరుసను మిగతా వాహనాలు వదిలిపెట్టవు. చివరికి మిగిలింది బస్సు వ్యవస్థ కాదు, వెడల్పాటి రోడ్డు. దాని మీద ఎక్కువ లాభం పొందింది సొంత వాహనదారులు. ఆ పథకం వెనక ఉన్న 2006 జాతీయ పట్టణ రవాణా విధానం రోడ్డు మీద వాహనాలకు కాకుండా మనుషులకు చోటు ఇవ్వాలని చెప్పింది. బస్సులో అరవై మంది ఉండగా పక్కన కారులో ఒక్కరున్నా ఇద్దరూ ఒకే సిగ్నల్ దగ్గర ఒకే వరుసలో ఆగుతున్నంతకాలం ఆ మాట అమలు కానట్టే.

బస్సుల సంఖ్య సంగతి కూడా చూడాలి. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ సేవా ప్రమాణాల్లో వెయ్యి జనాభాకు 0.6 లేదా అంతకన్నా ఎక్కువ బస్సులుంటేనే ఉత్తమ స్థాయి. 2011లోనే నగరపాలక సంస్థ పరిధి జనాభా 17 లక్షలు దాటింది. ఇరవై లక్షలుగా తీసుకున్నా 1,200 బస్సులు కావాలి. నగర సర్వీసులు ఆ సంఖ్యకు చాలా దూరంలో ఉన్నాయి. బస్సులు తక్కువైనప్పుడు వాటిని జనం ఎక్కువగా ఉన్న దారిలోనే తిప్పుతారు, అది సహజం. దాంతో లోపలి కాలనీలకు గంటకు ఒకటో, పూటకు రెండో మిగులుతాయి. రాత్రి పది దాటాక వెన్నెముక దారిలోనూ బస్సులు పలచబడతాయి. రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చే ఆస్పత్రి సిబ్బంది, హోటల్ పనివారు, సెక్యూరిటీ గార్డులకు లైసెన్సు లేకపోవడం ఎంత బరువైన విషయమో ఆ వేళలోనే తెలుస్తుంది.

నిండితేనే కదిలే ఆటో

బస్సు వదిలేసిన ఖాళీని షేర్ ఆటో పూరిస్తోంది. దానికి సమయపట్టిక లేదు, ప్రభుత్వం ఇచ్చే సొమ్ము లేదు, నిండితే కదులుతుంది. జనం ఉన్న వేళ రెండు నిమిషాల్లో నిండుతుంది కాబట్టి బస్సు కన్నా వేగం. జనం లేని మధ్యాహ్నం పూట, కాలనీ చివర, అదే ఆటో పావుగంట కదలదు. ముగ్గురు ప్రయాణికులకు అనుమతి ఉన్న ఆటోలో అంతకు మించి ఎక్కించడం వెనక ఉన్నది కూడా ఈ లెక్కే: మనిషికి ఇరవై రూపాయల చొప్పున ముగ్గురితో బయల్దేరితే గ్యాస్ ఖర్చు, అద్దె పోను డ్రైవరుకు మిగిలేది చాలా తక్కువ. భద్రత గురించి మాట్లాడేటప్పుడు ఈ ఆదాయ లెక్కను పక్కన పెట్టడం డ్రైవర్ల పట్ల న్యాయం కాదు.

ఉచిత బస్సు మార్చినదీ మార్చనిదీ

ఉచిత ప్రయాణానికి ఉద్దేశించిన స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రానికి చెందిన బాలికలు, మహిళలు, ట్రాన్స్‌జెండర్లు గుర్తింపు కార్డు చూపి సున్నా టికెట్టుతో ప్రయాణించవచ్చు. తెలంగాణలో ఇలాంటి పథకం 2023 డిసెంబరులో మొదలైంది. విశాఖ సిటీ బస్సులన్నీ దాదాపుగా ఈ తరగతుల్లోనే ఉండటంతో నగరంలో దీని ప్రభావం ప్రత్యక్షంగా కనిపిస్తుంది. ఇంతకుముందు చార్జీ భయంతో మానుకున్న ప్రయాణాలు, ప్రభుత్వ ఆస్పత్రి కేజీహెచ్‌లో రెండోసారి చూపించుకోవడం, పుట్టింటికి వెళ్లి సాయంత్రానికి రావడం, రెండు కిలోమీటర్ల దూరంలోని రైతుబజారుకు వెళ్లడం, ఇప్పుడు వీలవుతున్నాయి. ఇది చిన్న మార్పు కాదు.

అయినా ఇల్లు బస్టాపుకు దూరంగా ఉన్న మహిళ లెక్క వేరుగా ఉంటుంది. ఇంటి నుంచి స్టాపుకు షేర్ ఆటోలో వెళ్లడానికి 20, రావడానికి 20 రూపాయలైతే, నెలకు పాతిక పనిదినాలకు అది 1,000 రూపాయలు. పదిహేను కిలోమీటర్ల బస్సు ప్రయాణం ఉచితం, దాన్ని అందుకోవడానికి చేసే కిలోమీటరున్నర ప్రయాణానికే ఖర్చు. పథకం తరువాత బస్సుల్లో రద్దీ పెరిగి ఆటోలకు ఆ దారిలో గిరాకీ తగ్గింది. ఆ నష్టానికి ఊరటగా ప్రభుత్వం 2025 అక్టోబరులో ఆటో, క్యాబ్ డ్రైవర్లకు ఏడాదికి 15,000 రూపాయలు ఇచ్చే పథకం ప్రారంభించింది. ప్రయాణికుల దృష్టితో చూస్తే మరింత మేలైన ఏర్పాటు ఉంది: ప్రధాన దారి మీద బస్సుతో పోటీ పడే ఆటోలు కాలనీ నుంచి బస్టాపుకు నడిచేలా చేస్తే ఇద్దరికీ గిట్టుబాటవుతుంది.

డబ్బు లెక్క

రోజుకు ముప్ఫై కిలోమీటర్లు తిరిగే వ్యక్తి లీటరుకు 45 కిలోమీటర్లిచ్చే బండి మీద, లీటరు 110 రూపాయల చొప్పున, రోజుకు 73 రూపాయల పెట్రోలు కాలుస్తాడు. నెలకు 1,800 పైచిలుకు. బండి ధర, బీమా, టైర్లు, సర్వీసింగు దీనికి అదనం. పురుషుడికి బస్సు చార్జీ, ఆటో ఖర్చు కలిపితే ఇంచుమించు అంతే అవుతుంది, సమయం ఎక్కువ పడుతుంది. ఇద్దరు కలిసి వెళితే బండే చవక. అందుకే బస్సు చార్జీ తగ్గించినంత మాత్రాన పురుషులు బండి వదలరు.

కారు విషయంలో లెక్క తిరగబడుతుంది. 6,40,000 రూపాయల అప్పును 9.5 శాతం వడ్డీతో అయిదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 13,400 రూపాయలు కట్టాలి. ఆ సొమ్ముతో ఒక్కొక్కటి 150 రూపాయల చొప్పున నెలకు దాదాపు 90 సార్లు ఆటోలో తిరగవచ్చు. పెట్రోలు, బీమా, పార్కింగ్ ఇంకా కలపలేదు. రోజూ దూరం వెళ్లని కుటుంబానికి కారు ప్రయాణ అవసరం కన్నా గౌరవం కోసం, వాన కోసం, అర్ధరాత్రి ఆస్పత్రి భయం కోసం కొనేది. చివరిది న్యాయమైన భయమే. యాప్ క్యాబ్‌లు దాన్ని కొంత తగ్గించాయి, అయితే గిరాకీ వేళ కనీస చార్జీకి రెండు రెట్ల వరకు వసూలు చేసుకునే వీలును 2025 మార్గదర్శకాలు ఇచ్చాయి. సొంత వాడకానికి రిజిస్టరైన బైకులను ట్యాక్సీలుగా అనుమతించే నిర్ణయాన్ని అవే మార్గదర్శకాలు రాష్ట్రాలకు వదిలిపెట్టాయి.

నడకకు చోటేది

బస్సు ఎక్కే ప్రతి వ్యక్తీ రోజుకు కనీసం నాలుగుసార్లు నడుస్తాడు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు, 19.5 శాతం పాదచారులు. బండి మానేసి నడిచేవారికి కూడా రోడ్డు భద్రమైనది కాదన్నమాట. బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాహనాలు ఆపి నడకకు వదిలిపెట్టడం మంచి ఏర్పాటు. అది ఆరోగ్యం కోసం నడిచేవారికి. పని కోసం నడిచేవారు ఉండేది తాటిచెట్లపాలెం, షీలానగర్, గాజువాక దగ్గర, ఫుట్‌పాత్ మీద దుకాణాలూ పార్కింగూ ఆక్రమించిన చోట, ఆరు వరుసల రహదారిని దాటాల్సిన చోట. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను నగరంలో పెద్ద చెట్లను కూల్చేశాక నీడ పోయిన దారులు కొన్ని ఇప్పటికీ కోలుకోలేదు. తీరప్రాంతపు ఉక్కపోతలో ఎండకు పది నిమిషాలు నడవడం ఏప్రిల్, మే నెలల్లో చాలామందికి సాధ్యం కాదు. చెట్టు కూడా రవాణా సదుపాయమే.

వయసు పైబడినవారు

ఉక్కు, పోర్టు, నౌకాదళం, రైల్వేల నుంచి రిటైరైనవారు విశాఖలో ఎక్కువ. చాలామంది పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉన్నారు. నలభై ఏళ్లు దాటాక లైసెన్సుకు వైద్య ధ్రువపత్రం, యాభై అయిదు దాటాక అయిదేళ్లకోసారి పునరుద్ధరణ తప్పవు. చూపు తగ్గిందని తెలిసి కూడా బండి మానలేకపోవడానికి కారణం మొండితనం కాదు, మానితే ఇల్లు దాటలేమన్న భయం. జపాన్ 1998 నుంచి వృద్ధులు స్వచ్ఛందంగా లైసెన్సు వెనక్కి ఇచ్చే ఏర్పాటు చేసింది; అలా ఇచ్చినవారికి చాలాచోట్ల బస్సు, ట్యాక్సీ రాయితీలు దొరుకుతాయి. మన దగ్గర ఎత్తయిన బస్సు మెట్లు ఎక్కలేక చాలామంది పెద్దలు ఆటోలకే పరిమితమవుతున్నారు. వార్డు సచివాలయాలు, మీసేవ, ప్రభుత్వ వాట్సాప్ సేవలు కొన్ని ప్రయాణాలను అసలు అవసరం లేకుండా చేశాయి. పెద్దలకు ఇది బస్సు రాయితీ కన్నా ఎక్కువ ఉపకారం.

మెట్రో వస్తే

2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించిన తొలి దశ ప్రణాళికలో 46.23 కిలోమీటర్లు, మూడు మార్గాలు, 42 స్టేషన్లు ఉన్నాయి. స్టీల్ ప్లాంటు నుంచి కొమ్మాది వరకు ప్రధాన మార్గం జాతీయ రహదారి వెంటే సాగుతుంది. గురుద్వారా నుంచి పాత పోస్టాఫీసు, తాటిచెట్లపాలెం నుంచి చినవాల్తేరు దాకా వెళ్లే రెండు చిన్న మార్గాలు నగరం నడిబొడ్డును కలుపుతాయి. రద్దీని బట్టి చూస్తే ఈ ఎంపిక సరైనదే, ఎందుకంటే ఎక్కువ మంది ప్రయాణించేది ఆ వరుసలోనే. ప్రధాన దారిలో ప్రయాణ సమయం నిలకడగా ఉంటుంది, సిగ్నళ్ల బాధ పోతుంది.

అయితే గోపాలపట్నం, వేపగుంట, పెందుర్తి, సింహాచలం, మల్కాపురం, సింధియా, భీమిలి ఈ తొలి దశలో లేవు. ఇప్పటికే బండి లేక ఎక్కువ ఇబ్బంది పడుతున్న ప్రాంతాలు ఇవే. పెందుర్తి నుంచి మధురవాడకు వెళ్లే ఉద్యోగిని ఎన్ఏడీ దాకా బస్సులో వచ్చి అక్కడ మెట్రో ఎక్కాలి. ఆ బస్సు పది నిమిషాలకు ఒకటి కచ్చితంగా వస్తే, ఎన్ఏడీ ఫ్లైఓవర్ల కింద బస్టాపు నుంచి స్టేషన్‌కు నీడలో, రోడ్డు దాటకుండా నడవగలిగితే, ఒకే టికెట్టు రెండింటికీ చెల్లితే ఆమెకు మెట్రో వచ్చినట్టు. పెందుర్తి మార్గంలో బీఆర్టీఎస్ కోసం వెడల్పు చేసిన రోడ్డు ఇప్పటికే ఉంది. దానిలో బస్సుకు ఒక వరుస మళ్లీ కేటాయించడానికి కొత్తగా భూమి సేకరించాల్సిన పని చాలాచోట్ల ఉండదు. మెట్రో స్తంభాలు లేవడానికి ఏళ్లు పడుతుంది, ఆ వరుసకు అంత కాలం అక్కర్లేదు. రెండు పనులూ వేర్వేరు శాఖల చేతుల్లో ఉండటంతో, మెట్రో టెండర్లతో పాటే ఎన్ఏడీ, హనుమంతవాక, గాజువాక కూడళ్లలో బస్సు అనుసంధాన ప్రణాళికను కూడా ఖరారు చేస్తారా లేదా అన్నదే పెందుర్తి, ఆరిలోవ, మల్కాపురం వాసులు గమనించాల్సిన విషయం.